నెత్తిమీది కుంపటి

గుండెలమీద కుంపటి అనే మాట పాఠకులు వినే ఉంటారు. పెళ్లీడుకు వచ్చిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే పూర్వం తండ్రులు అనుకునే మాట అది. తెలుగు మేష్టర్ని గనక క్లాసులో ఆ జాతీయానికి అర్థం చెప్పగలనుగాని, ఇంట్లో ప్రయోగించే ధైర్యం మాత్రం నాకు లేదు. మా అమ్మాయి ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతోంది. ఆ మాట చెవిని పడిందంటే వారం రోజులు నాతో మాట్లాడదు. అదీగాక, నా విషయంలో కుంపటి గుండెలమీద లేదనీ, సరిగ్గా నెత్తిమీద ఉందనీ పోయిన సంవత్సరం మే నెలలో తెలిసింది. ఆ కుంపటి మా ఇంటి కప్పు.

మా ఇల్లు సైదాబాదులో. నూట ఇరవై గజాల స్థలం. మా నాన్నగారు నల్లగొండ జిల్లాలో బడిపంతులుగా పనిచేసి, దాచిందీ అప్పు తెచ్చిందీ కలిపి కట్టించారు. నల్లగొండ వైపునుంచి పట్నం వచ్చినవాళ్లకి సైదాబాదు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలమీద మొదటినుంచీ మక్కువ. సొంతవూరి బస్సు అటే పోతుంది గనక, ఊరు మరీ దూరమైనట్టు అనిపించదు. ఇప్పుడు కింది వాటా అద్దెకిచ్చి, పై వాటాలో మేము ఉంటున్నాం. ఆ అద్దె అమ్మాయి చదువుకి ఆధారం. ఆ చదువు కోసం మేము చెల్లిస్తున్నది ఒక్క ఫీజే కాదనీ, ఎండకూడా ఉందనీ అప్పట్లో నాకు తట్టలేదు.

మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. నైరుతి మూల గది ఆవిడది. ఇంట్లో ఒకే ఒక్క ఏసీ ఉంది. అది మా గదిలో ఉంది. రాత్రిళ్లు అక్కడే పడుకోమంటే, ఆ చలిగాలి తనకు పడదంటుంది. అసలు సంగతి కరెంటు బిల్లు. బిల్లు వచ్చిన రోజున నా ముఖం ఎలా ఉంటుందో ఆవిడ నలభై ఏళ్లకు పైగా చూస్తూనే ఉంది గదా!

పోయిన మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక మంచినీళ్లకోసం లేచాను. అమ్మ మంచంమీద లేదు. బాత్‌రూములో దీపం వెలుగుతోంది. తలుపు తోసి చూస్తే, ఆవిడ తడి గచ్చుమీద గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. కొంగు నీళ్లలో తడిపి తలమీద వేసుకుంది. నేను గాభరాపడి పిలిస్తే, "ఏం గాలేదు బిడ్డా, ఈడ జర సల్లగున్నది. నువ్వు పోయి పండుకో" అంది. లేపబోతే కాళ్లు నిలవలేదు.

డాక్టరుగారు సెలైను ఎక్కించి, రెండు రోజులు ఉంచుకుని పంపించారు. వెళ్లేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "పగటి ఎండ ఒక్కటే చంపదండీ. రాత్రికూడా ఒళ్లు చల్లబడకపోతే పెద్దవాళ్ల గుండె తట్టుకోలేదు. మీ అమ్మగారు పడుకునే గదిమీద మరో అంతస్తు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన తల పంకించి ఊరుకున్నారు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో వడగాడ్పులకి వెయ్యికి పైబడి మనుషులు పోయారు. అప్పుడు పేపర్లో ఆ లెక్క చదివి, అయ్యోపాపం అనుకుని పేజీ తిప్పాను. ఆ లెక్కలో మా ఇంటి మనిషికూడా ఉండగలదన్న ఆలోచన నాకు రాలేదు.

మా ఎదురింట్లో రిటైర్డు ఇంజనీరుగారు ఒకరున్నారు. అడక్కుండా సలహా చెప్పరు. అడిగితే ఒక పట్టాన వదలరు. ఆయన్ని డాబామీదికి తీసుకువెళ్లాను. సాయంత్రం ఆరయింది. నేలమీద చెయ్యి పెట్టి, "చూడండి, సూర్యుడు వెళ్లిపోయాడుగాని సామాను ఇక్కడే వదిలి వెళ్లాడు" అన్నారు.

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంతవరకు మనవి చేస్తాను. మన హైదరాబాదు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అంచేత ఏటా మే 9 ప్రాంతాన ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతాన మరోసారి మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఆగస్టులో మబ్బులు కాస్తాయి; మే నెలలో ఎవరూ కాయరు. ఆ రోజుల్లో గోడలమీద పడే ఎండ తక్కువ, కప్పుమీద పడేది ఎక్కువ. ఒక చదరపు మీటరుమీద మిట్టమధ్యాహ్నం పడే ఎండ దాదాపు వెయ్యి వాట్లు, అంటే ఒక ఇస్త్రీపెట్టె పాటి వేడి. మా డాబా అరవై అయిదు చదరపు మీటర్లు. అరవై అయిదు ఇస్త్రీపెట్టెలు బోర్లించి, వాటికింద మా అమ్మ పడుకుంటోందన్నమాట!

ఆ పైన మన స్లాబు అయిదంగుళాల కాంక్రీటు. నల్లబడిన కాంక్రీటు తనమీద పడిన ఎండలో ఏ పావువంతో, మూడోవంతో తిప్పికొట్టి, తక్కినదంతా తాగేస్తుంది. తాగిన వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం పన్నెండింటికంటే రాత్రి పదింటికి గది ఎక్కువ ఉడుకుతుంది. అమ్మ సాయంత్రం బకెట్లతో నీళ్లు చల్లేది. అది మంచిదే, కాని అప్పటికే వేడి లోపలికి దిగి కూర్చుంది. పైన తడిపితే పై చర్మం మాత్రం చల్లబడుతుంది.

"ఇంటికి కప్పు గొడుగు" అన్నారాయన. "గొడుగుకి గొడుగు ఎవరు పడతారండీ?"

మనవాళ్లకి ఇది తెలియని విద్యేమీ కాదు. అమ్మ పుట్టింటిది గూనపెంకుల ఇల్లు. పెంకుకీ పెంకుకీ మధ్య సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. అటక ఒకటి అడ్డం ఉండేది. రాయలసీమలో మిద్దెలకి దూలాలమీద చవుడుమట్టి మందంగా పరిచేవాళ్లు. మట్టికి వేడి అంత తొందరగా దిగదు. చవుడు వాన నీటిని లోపలికి రానివ్వదు. పట్నాల్లో డంగుసున్నం ఉండేది. సున్నాన్ని గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, చెక్కబల్లలతో రోజుల తరబడి కొట్టి కప్పు వేసేవాళ్లు. అది తెల్లగా ఉండేది, మందంగా ఉండేది. తరవాత స్లాబు వచ్చింది. చౌకగా, చురుగ్గా లేస్తుంది; పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. ఆ రెండో అంతస్తు ఆశతోనే మనం పైకప్పుని బోసిగా వదిలేశాం. కడ్డీలు ఆకాశానికి చూపిస్తూ పాతికేళ్లు గడిచిపోతాయి. మా ఇల్లూ అంతే. పైన వేయబోయే అంతస్తు రాలేదు, వచ్చింది తుప్పు.

ఇక ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. ఇంజనీరుగారు ఒక కాగితంమీద వరసగా రాశారు.

మొదటిది సున్నం. సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేస్తే కొద్ది వందల్లో పని అయిపోతుంది. వేసినంత కాలం బాగా పనిచేస్తుంది కూడా. కాని రెండు వానలకి కొట్టుకుపోతుంది, ఏటా వెయ్యాలి. చేతిలో డబ్బు లేనివాళ్లు దీనికి సిగ్గుపడనక్కరలేదు. రెండోది వాన నిలిచే తెల్ల రంగు. రబ్బరులా సాగే గుణం ఉంటుంది గనక, సన్న బీటల్నికూడా పట్టుకుంటుంది. మంచి రకం కొత్తలో ఎండని నూటికి ఎనభై పాళ్లు తిప్పికొడుతుంది. మూడోది తెల్ల పింగాణీ ముక్కలు, లేదా తెల్ల టైల్సు అతికించడం. మన్నిక ఎక్కువ, ఖర్చుకూడా ఎక్కువ. నాలుగోది స్లాబుమీద నురుగుపలకలు పరిచి, వాటిమీద సిమెంటు పొర వెయ్యడం. వేడిని ఆపడంలో దీన్ని మించింది లేదు, కాని అది పెద్ద పని. అయిదోది రేకుల పందిరి. నీడ ఇస్తుంది నిజమే. అయితే మెరిసే రేకు ఎండని తిప్పికొట్టినా, తాగిన కాస్త వేడినీ ఆకాశానికి వదలలేక తనలోనే దాచుకుంటుంది. అంచేత పందిరికింద నాలుగువైపులా గాలి ఆడాలి. గాలి ఆడని రేకులగది పొయ్యే.

ఆరోది డాబాతోట. ఇది మా శ్రీమతి కోరిక. ఇంజనీరుగారు చిరునవ్వు నవ్వి, "అడుగు మందాన తడిమట్టి పరిస్తే చదరపు మీటరుకి అయిదు వందల కిలోల బరువమ్మా. మామూలు ఇళ్ల డాబాలు మనుషుల రాకపోకలకోసం నూటయాభై కిలోల లెక్కన కడతారు. గోడల వెంబడి కుండీలు పెట్టుకో, కూరగాయలు నేనూ తింటాను" అన్నారు. ఏడోది సూర్యశక్తి పలకలు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకి ముప్ఫై వేలు, మూడు కిలోవాట్లు, ఆ పైన అయితే మొత్తం డెబ్బై ఎనిమిది వేలు సబ్సిడీగా నిర్ణయించారు. పలకలు కరెంటు ఇస్తూ, కప్పుకి నీడకూడా ఇస్తాయి. కాని వాటి కాళ్లు బిగించాక కింద మరమ్మతు చేయడం కష్టం గనక, ముందు కప్పు బాగుచేసుకోవాలి.

"మన ఊళ్లో ఎవరైనా తూచి చూశారా, లేక డబ్బామీద రాసిందే నమ్మాలా?" అని అడిగాను. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి సైన్సుమీద అనుమానం సహజం.

తూచి చూశారు. మన హైదరాబాదు ట్రిపులైటీ వారూ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారూ కలిసి హైదరాబాదు ప్రాంతంలోని భవనాలమీదే పరీక్షలు చేసి, 2012లో ఫలితాలు ప్రకటించారు. ఉత్త కాంక్రీటు కప్పుకి తెల్లపూత వేస్తే, చదరపు మీటరుకి ఏడాదికి పదమూడు, పధ్నాలుగు యూనిట్ల కరెంటు ఆదా అయింది. చల్లబరచడానికయ్యే కరెంటులో అది నూటికి పదినుంచి పంతొమ్మిది పాళ్లు. నల్లని కప్పులకయితే ఆదా ఇంకా ఎక్కువ. అయితే అవి పగలంతా ఏసీలు నడిచే భవనాలు. రాత్రిపూట ఒక గదిలో ఏసీ వేసుకునే మనలాంటివాళ్లకి అంత ఆదా రాదు. ఈ మాట కంట్రాక్టర్లు చెప్పరు గనక నేను చెబుతున్నాను.

మనలాంటివాళ్లకి, మనకంటే లేనివాళ్లకి సంబంధించిన పరీక్ష ఇంకొకటి ఉంది. 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో పాతిక చిన్న ఇళ్ల కప్పులమీద తెల్లని పొర పరిచి చూశారు. ఇళ్ల లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఇటువంటివన్నీ చూశాక, 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. అప్పటి పురపాలక మంత్రి కె. తారకరామారావు దాన్ని విడుదల చేశారు. 2028 నాటికి రాష్ట్రంలో మూడు వందల చదరపు కిలోమీటర్ల కప్పులు, అందులో హైదరాబాదులోనే రెండు వందలు, చల్లబరచాలని లక్ష్యం పెట్టుకున్నారు. ప్రభుత్వ భవనాలకీ, వ్యాపార భవనాలకీ, ఆరువందల గజాలూ ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకీ నిర్బంధం. అంతకంటే చిన్న ఇళ్లకి యజమాని ఇష్టం. మాది నూట ఇరవై గజాలు గనక నన్ను నిర్బంధించేది ప్రభుత్వం కాదు, ఆ బాత్‌రూము గచ్చు.

ఖర్చు చదరపు మీటరుకి మూడు వందల రూపాయల లెక్కన ఉంటుందని అప్పట్లో చెప్పారు. ఆ లెక్కన మాకు ఇరవై వేలు. ఇక్కడే నేను తప్పు చేశాను. అంకె చూసి, మనిషిని చూడలేదు.

ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రంగురంగుల పుస్తకం. డాబామీదికి ఎక్కకుండానే, మెట్లమీదనుంచి తొంగి చూసి, "పద్దెనిమిది వేలు సార్, పదేళ్ల గ్యారంటీ" అన్నాడు. మా శ్రీమతి తలుపు చాటునుంచి వద్దన్నట్టు సైగ చేసింది. ఆవిడ సైగల్ని పట్టించుకోకపోవడం నాకు పాతికేళ్ల అలవాటు. ఆసుపత్రి భయం ఇంకా మనసులో ఉంది. రేపే పని మొదలుపెడతానన్న మాట తియ్యగా వినిపించింది. పదివేలు బయానా ఇచ్చాను. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, మండుటెండలో, చీపురైనా వెయ్యకుండా దుమ్ముమీదే ఒక పూత పూసి వెళ్లారు. రెండో పూతకి ఎవరూ రాలేదు. ఫోను మొదట మోగింది, తరవాత మోగలేదు. పదిరోజులకి పూత అప్పడంలా లేచి, గాలికి ఎదురింటి వాకిట్లో పడింది. ఇంజనీరుగారు ఒక ముక్క ఏరి తెచ్చి నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

పదివేలు పోవడం కంటే అమ్మ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. "నా కోసమని పైసలు దండుగ జేస్తివి బిడ్డా. ఇగ వద్దు. మే నెల పోతే నేనే మంచిగుంట" అంది. మే నెల పోతుంది. మళ్లీ వస్తుంది గదా!

ఈసారి మా శ్రీమతి రంగంలోకి దిగింది. ఇంట్లో పనిచేయించుకున్నవాళ్ల పేర్లు అడిగి తెలుసుకోవడంలో ఆడవాళ్లని మించినవాళ్లు లేరు. మాదన్నపేట మార్కెట్టుకి కూరలకి వెళ్లినప్పుడల్లా ఒక డాబా సంగతి వాకబు చేసుకుని వచ్చేది. ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: "మూడేళ్ల కిందట చేయించుకున్నారా? ఇప్పుడెలా ఉంది?" పోయిన నెలలో వేసిన పూత ఎవరిదైనా తెల్లగానే ఉంటుంది. మూడు వానాకాలాలు చూసిన పూతే సాక్ష్యం చెబుతుంది. అలా ముగ్గురు ఒక మేస్త్రీ పేరు చెప్పారు.

ఆయన పాలమూరువాడు. యాభై దాటిన మనిషి. చేతిలో పుస్తకం లేదు, ఒక చిన్న సుత్తి ఉంది. చెప్పులు విప్పి డాబా ఎక్కాడు. గంటసేపు మాట్లాడలేదు. అడుగడుగునా సుత్తితో తట్టి, చెవి పెట్టి వింటున్నాడు. డొల్లగా మోగినచోట సుద్దముక్కతో గుండ్రం చుట్టాడు. తూములు చూశాడు. నీళ్ల ట్యాంకు కాళ్లచుట్టూ చూశాడు. చివరికి అన్నాడు: "రంగు తరవాత సార్. మీ డాబా నీళ్లు తాగుతున్నది. జ్వరమున్న మనిషికి పౌడర్ పూస్తే ఏం ఫాయిద?"

ఆయన లెక్క ముప్ఫై ఎనిమిది వేలు. మొదటి మనిషి చెప్పినదానికి రెట్టింపు. నేను నీళ్లు నమిలాను. మా శ్రీమతి ఒక తెల్లకాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. కొలతలు ఎంత, బీటలు ఎలా పూడుస్తారు, ఏ కంపెనీ రంగు, ఎన్ని డబ్బాలు, ఎన్ని పూతలు, డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి, వానాకాలంలో కారితే ఎవరి బాధ్యత — అన్నీ రాయించింది. మేస్త్రీ నొచ్చుకోలేదు. పైపెచ్చు, "గిట్ల రాసుకుంటెనే మంచిదమ్మా, మాకూ పైసలు దొరుకుతయి" అన్నాడు. సామాను దిగినప్పుడు సగం, పని అయ్యాక పావు, తక్కిన పావు రెండు పెద్ద వానలు కురిశాక. ఆ చివరి పావే అసలు గ్యారంటీ అని తరవాత నాకు తెలిసింది.

పని ఇలా సాగింది. పాచి గీకి, డాబా అంతా కడిగారు. బీటల్ని పైపైన మెత్తకుండా వెడల్పుగా చెక్కి, లోతునుంచి పూడ్చారు. పిట్టగోడ డాబాని కలిసే మూలల్ని నీరు నిలవకుండా గుండ్రంగా తిప్పారు. తూముల వైపు వాలు తక్కువైనచోట సిమెంటుతో సరిచేశారు. అప్పుడు తూములు మూసేసి, రెండంగుళాల మేర నీళ్లు నిలబెట్టారు. మే నెలాఖరు, కుళాయి నీళ్లు చాలక ట్యాంకరు తెప్పించాను. ఎండాకాలంలో డబ్బిచ్చి కొన్న నీళ్లు డాబామీద పోయించుకునే మొగుణ్ణి నేనేనని మా ఆవిడ అంది. రెండు రోజులు నిలిచాయి. కింద గదుల కప్పుకి టార్చి వేసి చూశాం. హాలులో ఒకచోట చెమ్మ మరక కనిపించింది. అది రంగు వేశాక కనిపించి ఉంటే, వేసిన రంగంతా చెక్కవలసి వచ్చేది. దాన్ని సరిచేసి, నాలుగు రోజులు ఎండబెట్టారు. తడిమీద రంగు వేస్తే పొక్కులు లేస్తాయట. తరవాత పొద్దున్నా, సాయంత్రమూ మాత్రమే రంగు పూశారు. ఒక పూత తూర్పుపడమరలుగా, రెండోది ఉత్తరదక్షిణాలుగా. ప్రతి డబ్బా సీలు నా ఎదటే విప్పారు. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టించారు. నీళ్లు ఎక్కువ కలిపితే డబ్బాలు మిగులుతాయి గదా!

డబ్బామీద ఒక అంకె చూసుకోమని ఇంజనీరుగారు చెప్పారు. దాన్ని ఎస్సారై అంటారు. ఎండని తిప్పికొట్టే శక్తీ, తాగిన వేడిని ఆకాశానికి వదిలే శక్తీ రెండూ కలిపి కట్టిన లెక్క అది. ప్రమాణానికి పెట్టుకున్న నలుపుకి సున్న, ప్రమాణపు తెలుపుకి నూరు. మంచి తెల్లపూతలు నూరుకి దగ్గరగానో, కాస్త మించో ఉంటాయి. ఆ అంకె, పరీక్ష చేసినవారి కాగితం చూపించలేని రంగు తెల్లరంగేగాని, చల్లని రంగు అవునో కాదో చెప్పలేం.

సగం డాబా పూసిన రోజు మధ్యాహ్నం రెండింటికి మా అమ్మాయి చెప్పులు విప్పి పరీక్ష చేసింది. బూడిదరంగు స్లాబుమీద రెండడుగులు వేసి, కెవ్వున అరిచి, తెల్లదానిమీదికి గెంతి అక్కడ నిలబడిపోయింది. "నాన్నా, ఇక్కడ నిలబడొచ్చు!" అని కేకేసింది. నేను చదివిన అన్ని లెక్కలకంటే ఆ కేక నాకు ఎక్కువ అర్థమైంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. జులైలో పెద్దవాన పడిన రాత్రి, ట్యాంకు కాళ్ల దగ్గర కారింది. మేస్త్రీ చూసి కూడా అక్కడ పొరపడ్డాడు. 2020 అక్టోబరులో మా ప్రాంతాన్ని ముంచెత్తిన వానలు గుర్తొచ్చి, రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున్నే ఫోను చేశాను. మోగింది. ఎత్తాడు. సాయంత్రానికి వచ్చి, వాన తెరిపి ఇచ్చాక ట్యాంకు ఎత్తించి మళ్లీ చేశాడు. అదనంగా ఒక రూపాయి అడగలేదు. తొమ్మిదివేల అయిదువందలు ఇంకా నా దగ్గర ఉన్నాయన్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరమూ ఎత్తలేదు. నమ్మకస్తుడంటే తప్పు చేయనివాడు కాదు, పిలిస్తే మళ్లీ మెట్లెక్కేవాడు అని నాకు ఆరోజు బోధపడింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో డాబా చూస్తే బూడిదరంగుకి తిరిగింది. దుమ్ము! మేస్త్రీ ముందే చెప్పాడు: మార్చికి ముందు ఒకసారి కడగాలి, లేకపోతే తెలుపు ఉన్నా లేనట్టే. అందరం చీపుళ్లు పట్టుకుని ఒక ఆదివారం కడిగాం. మెత్తని చీపురేగాని, ఇనపబ్రష్షు పనికిరాదు. తెల్లడాబాకి ఒక చిక్కు కూడా ఉంది. పక్క మూడంతస్తుల మేడలోవారు, మా డాబా వెలుగు తమ వంటింట్లోకి కొడుతోందని ఫిర్యాదు చేశారు. కర్టెను కొనుక్కున్నామనీ, బిల్లు మాకు పంపిస్తామనీ అన్నారు. ఇంతవరకు పంపలేదు.

ఇక ఫలితం. మా అమ్మాయి రెండు మే నెలలూ అమ్మ గదిలో రాత్రి పదింటికి వేడి రాసిపెట్టింది. పేపర్లో పగటి వేడి ఒకేలా పడిన రోజుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ ఏడు రెండు, రెండున్నర డిగ్రీలు తక్కువ. కరెంటు బిల్లులో పెద్ద తేడా ఏమీ రాలేదు. ముప్ఫై ఎనిమిది వేలు, పోయిన పదివేలు బిల్లులోంచి తిరిగి రాబట్టుకోవాలంటే నేను రిటైరయ్యేదాకా ఆగాలి కాబోలు. రెండు డిగ్రీలంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. మన ఒంటి వేడి రెండు డిగ్రీలు పెరిగితే జ్వరమంటాం, తగ్గితే నెమ్మదించిందంటాం. ఇల్లుకూడా అంతే అనుకుంటాను.

పాఠకులు ఈ ఏడు కప్పు బాగుచేయించాలనుకుంటే, నా పదివేలు వారికి ఊరికే పనికిరానిస్తాను. డాబా ఎక్కకుండా ధర చెప్పేవాణ్ణి మెట్లమీదనుంచే పంపించెయ్యండి. కారడం ఆపాకే రంగు. మూడేళ్ల కిందటి పని చూడండి. ఒప్పందం కాగితంమీద ఉండాలి, చివరి పావు మీ దగ్గర ఉండాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మొదలుపెట్టండి; మే నెలలో గాభరాపడి పిలిస్తే మేస్త్రీలు దొరకరు, దొరికేవాళ్లు వేరు. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఆడవాళ్లు తలుపు చాటునుంచి సైగ చేస్తే ఆగండి.

మొన్న మే నెలలో ఒక రాత్రి మళ్లీ పదకొండింటికి మెలకువ వచ్చింది. అలవాటుగా అమ్మ గదివైపు వెళ్లాను. బాత్‌రూములో దీపం లేదు. ఫాను మధ్యరకంగా తిరుగుతోంది. అమ్మ మంచంమీదే ఉంది. నేను తలుపు దగ్గర నిలబడితే కళ్లు తెరవకుండానే, "ఏంది బిడ్డా, నీకు నిద్ర పడ్తలేదా?" అంది.

లేదన్నాను. "మంచినీళ్లు తాగి పండుకో" అని అటు తిరిగి పడుకుంది. కాసేపటికి గురక వినిపించింది. మా అమ్మ గురక పెడుతుందని ఇన్నాళ్లూ ఫిర్యాదు చేసేవాణ్ణి. ఆ రాత్రి గుమ్మంలో కూర్చుని చాలాసేపు విన్నాను.